నాదయంత్రముల దూరప్రయాణము

లాంగ్‌ప్లే రికార్డు మీద చెక్కబడిన గాడి వెడల్పు మిల్లీమీటరులో సుమారు 20వ వంతు. ఆ గాడి గోడలయందు తంబురా జీరయు, గాయకుని ఉచ్ఛ్వాసమును నిక్షిప్తమై యున్న వంపులు అనేకచోట్ల ఒక మైక్రోమీటరునకు లోబడినవి. అంతటి సూక్ష్మచలనమును వజ్రపు ముల్లుతో తడవి, విద్యుత్ప్రవాహముగ మార్చి, ఆ ప్రవాహమును వేలరెట్లు పెంచి, గది నిండు నాదముగ వెలువరించుటకై నిర్మింపబడిన యంత్రసముదాయమును మనము ఒకనాడు అట్టపెట్టెలో పెట్టి, టేపు అంటించి, చిరునామా వ్రాసి, ఎన్నడును చూడని వారి చేతులకు అప్పగించుచున్నాము. అటుపిమ్మట ఆ పెట్టె బెల్టుల మీద పరుగిడును. జారుబల్లల మీదుగ దిగును. తనకంటె బరువైన పెట్టెల క్రింద నలుగును. లారీలో రాత్రింబవళ్లు ఊగును. విమానగర్భమున చలికి వణకును. లేశమాత్రమైన కదలికను సైతము విడువక గ్రహించుటయే స్వభావముగ గల వస్తువు ఇంతటి స్థూలచలనముల నడుమ క్షేమముగ గమ్యమును చేరవలెనన్న ఏయే ధర్మములను పాటింపవలెనో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

ఇట్టి వస్తువులు దూరప్రయాణము చేయుటకు ప్రబలమైన కారణమొకటి కలదు. 1954లో ఇంగ్లండునందు వెలువడిన గారార్డ్ 301 టర్న్‌టేబులును, 1957లో స్విట్జర్లండు నుండి వచ్చిన థోరెన్స్ టీడీ 124ను, 1961లో అమెరికాలో మెకింటాష్ వారు ప్రవేశపెట్టిన ఎంసీ 275 వాల్వు ఆంప్లిఫయరును నేటికిని రసికులు అపేక్షించుచునే యున్నారు. ఆనాటి ప్రతులు ఎక్కడ నున్నవో అక్కడినుండియే రావలెను గాని, పక్కవీధి దుకాణమున దొరకునవి కావు. కొనువాడు హైదరాబాదులో నుండును, అమ్మువాడు న్యూజెర్సీలో నుండును. లేదా సముద్రములకు ఆవల స్థిరపడిన తెలుగువాడొకడు తాను ఇరువది యేండ్లు విన్న యంత్రమును స్వగ్రామమునకు పంపదలచును. మార్గమున విరిగినచో మరల తెప్పించుకొందమని ధైర్యము చెప్పుకొనుటకు వీలులేని వస్తువులివి.

విరిగిన యంత్రము చేతికి వచ్చినప్పుడు లోకము సాధారణముగ పలుకు మాట, రవాణావారు విసిరివేసిరని. ఆ మాటలో సత్యము కొంత లేకపోలేదు. కాని విసరినవాని క్రౌర్యమును నిందించుట వలన ఫలమేమియు లేదని నా నిశ్చయము. ఏలయన, మృదువుగ ఎత్తి దించిననే నిలిచెడి పెట్టె సరిగ కట్టబడిన పెట్టె కాదు. నేటి పార్సెలు ప్రయాణములో అధికభాగము మనుష్యహస్తముతో సంబంధము లేనిది. 1973 ఏప్రిలు 17వ తేదీ రాత్రి ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ సంస్థ 14 చిన్న విమానములతో 186 పొట్లములను అమెరికాలోని 25 నగరములకు చేర్చినప్పుడు వాటినన్నిటిని ముందుగ మెంఫిస్ నగరమునకు రప్పించి, అక్కడ వేరుపరచి, తిరిగి నలుదిక్కులకు పంపెను. ఆ పద్ధతియే నేడు లోకమంతట వ్యాపించినది. పొరుగూరికి పోవలసిన పెట్టెయైనను ముందు వందల మైళ్ల దూరముననున్న కేంద్రమునకు పోయి, అచ్చటి యంత్రముల నడుమ పలుమార్లు మలుపులు తిరిగి, మరల వెనుకకు రావచ్చును. ఆ యంత్రముల కన్ను చారల గుర్తును చదువును గాని, "పగిలెడి వస్తువు, జాగ్రత్త" అని మనము ఎఱ్ఱసిరాతో వ్రాసిన అక్షరములను చదువదు. పైకి చూపు బాణపు గుర్తును అది మన్నింపదు. కావున పెట్టె ఏ ముఖము మీదనైనను, ఏ అంచు మీదనైనను, ఏ మూల మీదనైనను పడునని ముందే యెంచి కట్టుట బుద్ధిమంతుల లక్షణము. 1948 నుండి రవాణాపరీక్షలను రూపొందించుచు వచ్చిన ఇస్టా అను అంతర్జాతీయ సంఘమువారు 70 కిలోల లోపు పార్సెళ్లకు ఏర్పరచిన పరీక్షయందు పెట్టెను ముఖముల మీదను, అంచుల మీదను, మూలల మీదను పలుమార్లు పడవేయుటయు, కంపించు బల్లమీద ఉంచుటయు విధింపబడినవి. పడుట అనునది ప్రయాణమున ఆకస్మికము కాదని, నిత్యకృత్యమేనని శాస్త్రజ్ఞులు అంగీకరించిరన్నమాట.

ఇక పడుట అనగా నేమో చూతము. బల్లయెత్తు నుండి, అనగా 75 సెంటీమీటర్ల నుండి, జారిన పెట్టె నేలను తాకునప్పటికి దాని వేగము సెకనుకు 3.8 మీటర్లు, అనగా గంటకు సుమారు 14 కిలోమీటర్లు. ఈ వేగము పెట్టె బరువును బట్టి మారదు. గెలీలియో నాటినుండి మనకు తెలిసిన విషయమే. హాని చేయునది ఈ వేగము కాదు, దాని ఉపసంహారము. అంత వేగమును ఎంత దూరములో అణచితిమన్నదే సర్వమును నిర్ణయించును. పడిన ఎత్తును ఆగిన దూరముతో భాగించినచో, వస్తువు ఆగుచుండగా దానిమీద పనిచేసిన సగటు బలము దాని బరువునకు ఎన్ని రెట్లో ఇంచుమించుగ తెలియును. గట్టి నేలమీద లోహపు అడుగు 1 మిల్లీమీటరులో ఆగినచో 750 రెట్లు; మెత్తని ఫోము 25 మిల్లీమీటర్లు నలిగి ఆపినచో 30 రెట్లు మాత్రమే. ఫోము మొదటినుండి తుదివరకు ఒకే బలముతో నెట్టదు గనుక గరిష్ఠబలము ఈ సగటునకు రెట్టింపైనను కావచ్చును. సున్నితమైన ఎలక్ట్రానిక్ పరికరములు 40 నుండి 60 రెట్ల వరకు సహించునని, అతి సున్నితమైనవి 25 రెట్లకే చెడుట మొదలిడునని ప్యాకింగు శాస్త్రమునందు సామాన్యముగ లెక్కించుదురు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, రెండు అంగుళముల మంచి ఫోము విలాసము కాదనియు, అంతకు తగ్గినచో అపాయము తప్పదనియు తేటపడును. ఏలయన రెండంగుళముల ఫోము నిజముగ ఉపయోగపడునట్లు నలుగునది సుమారు సగము మందమే.

మన కుమ్మరి కుండలను గడ్డిలో పేర్చి రాళ్లబాటన సంతకు తోలుకొని పోవునప్పుడు ఆచరించినది ఈ సూత్రమునే. కుండకును బండికిని నడుమ నలిగెడి దూరమును అతడు కల్పించెను. అయితే గడ్డి కుండకు సరిపోయినట్లు ఆంప్లిఫయరునకు సరిపోదు. మెత్తదనమునకు ఒక హద్దు కలదు. ప్రతి ఫోమునకును తాను హాయిగ మోయగల భారము చదరపు సెంటీమీటరునకు ఇంత అని యుండును. అంతకు మించిన బరువు పడినచో ఫోము పూర్తిగ అణగిపోయి, రాయివలె గట్టిపడి, వస్తువును నేలకే అప్పగించును. అంతకు చాల తగ్గిన బరువైనచో ఫోము నలుగనే నలుగక, కొయ్యపలక వలె దెబ్బను ఉన్నదున్నట్లు లోపలికి పంపును. అందుచేత ముప్పది కిలోల ఆంప్లిఫయరును తలదిండు వంటి మెత్తని స్పాంజి మీద ఉంచుటయు, అరకిలో వస్తువును గట్టి పాలిథిలీన్ దిమ్మెల నడుమ బిగించుటయు సమానమైన దోషములు. బరువైన యంత్రమునకు గట్టి పాలిథిలీన్ ఫోము దిమ్మెలు, తేలిక వస్తువునకు మెత్తని పాలియురిథేను అను నియమము స్థూలముగ చాలును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది పెట్టెలో ఖాళీలను పూరించుటకు పోయు థర్మోకోల్ గుండ్లు. చూచుటకు అవి పెట్టెను నింపినట్లే యుండును. కాని లారీ ఊగిసలాటకు అవి ప్రక్కలకు జరుగుచుండగా, బరువైన వస్తువు వాటి నడుమనుండి దిగుచు దిగుచు, ప్రయాణాంతమునకు పెట్టె అడుగును చేరి అట్టమీదనే కూర్చుండును. పంపినవాడు పైనుండి చూచి సంతృప్తిపడినాడు. అడుగున జరుగుచున్నది అతనికి తెలియదు. ఇక బుడగల ప్లాస్టిక్ పొర విషయము: 1957లో న్యూజెర్సీ రాష్ట్రమున ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షావాన్ అను ఇద్దరు గోడలకు అంటించు అలంకారపు కాగితము చేయబోయి దీనిని కనిపెట్టిరి, తరువాత ఐబీఎం వారి 1401 కంప్యూటర్ల రవాణాలో దీని ప్రయోజనము లోకమునకు వెల్లడియైనది. గీతలు పడకుండుటకును, తేలిక వస్తువులను చుట్టుటకును ఇది శ్రేష్ఠము. ముప్పది కిలోల బరువు క్రింద దాని బుడగలు పగులును. పగిలిన బుడగ ఉత్త ప్లాస్టిక్ కాగితము.

పెట్టె అట్టకును ఒక శాస్త్రము కలదు. రెండు కాగితముల నడుమ అలలవంటి మూడవ కాగితమును అంటించిన నేటి అట్టకు మూలరూపమైన అలల కాగితము 1871లో ఆల్బర్ట్ జోన్స్ అను న్యూయార్కువాసి పేర సీసాలను, దీపపు చిమ్నీలను చుట్టుటకు పేటెంటు పొందినది. గాజును కాపాడుటకే పుట్టినదన్నమాట. నేటి అట్టతో చేసిన పెట్టె ఎంత భారము మోయగలదో తెలుపు సూత్రమును 1963లో మెక్కీ యను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ప్రకటించిరి. దాని ప్రకారము పెట్టె బలము అట్ట అంచు నలుగక ఓర్చుకొను శక్తికి అనులోమముగను, అట్ట మందమునకును పెట్టె చుట్టుకొలతకును వర్గమూలముగను పెరుగును. అనగా పెట్టెను పెద్దది చేయుట వలన కలుగు లాభము స్వల్పము. అట్ట నాణ్యమును పెంచుట వలన కలుగునది అధికము. బరువైన యంత్రములకు ఒక అలవరుస గల అట్ట చాలదు, రెండు వరుసలది కావలెను. ఇంకొక విషయము మన తీరప్రాంతపువారు ముఖ్యముగ గుర్తింపదగినది: తేమ పీల్చిన అట్ట తన బలములో సగమును కోల్పోవచ్చును. డెన్వరు వంటి పొడిప్రదేశమున గట్టిగ నిలిచిన పెట్టె, శ్రావణమాసమున విశాఖపట్టణపు గోదాములో నాలుగురోజులున్నచో, ఆ పెట్టె యగునని చెప్పజాలము. ఒకసారి ప్రయాణము చేసి మూలలు మెత్తబడిన పాతపెట్టెను మరల వాడుటలోని పొదుపు మిక్కిలి ఖరీదైనది.

కావుననే అనుభవజ్ఞులు పెట్టెలో పెట్టె పద్ధతిని పాటింతురు. యంత్రమును కదలకుండ బిగించు లోపలి పెట్టె యొకటి. దానికి ఆరువైపుల రెండంగుళముల ఫోము నుంచి అమర్చు వెలుపలి పెట్టె మరియొకటి. వెలుపలిది మొనలను, గ్రుచ్చుటలను తాను భరించును. నడిమి ఫోము పాటును మ్రింగును. లోపలిది యంత్రమును ఒకే ముద్దగ పట్టియుంచును. ఈ మూడు పనులను ఒకే పెట్టె చేత చేయింపబూనుటయే పెక్కు నష్టములకు మూలము.

పైవన్నియు పెట్టెకు సంబంధించిన విషయములు. కాని నాదయంత్రముల ప్రత్యేకత పెట్టె లోపల, యంత్రము లోపల ఉన్నది. ఇక్కడ కొంత నిలిచి విచారింపవలసియున్నది.

టర్న్‌టేబులునే తీసికొందము. థోరెన్స్ టీడీ 124 యొక్క పోత ఇనుప పళ్లెము బరువు సుమారు 4.5 కిలోలు. ఆ బరువంతయు ఒక ఉక్కు ఇరుసు కొన మీద, గింజంత స్థలమున ఆని తిరుగును. అట్లు తిరుగుటవలననే దాని నిశ్శబ్దమునకు అంత ఖ్యాతి వచ్చినది. ఇప్పుడు ఈ పళ్లెమును తీయకయే పెట్టెలో పెట్టి పంపితిమనుకొందము. పెట్టె పడినప్పుడు లోపలికి చేరిన దెబ్బ 50 రెట్లని లెక్కించినచో, 225 కిలోల బరువుతో సమానమైన పోటు ఆ గింజంత స్థలము మీద పడును. ఇరుసు క్రింది పలక సొట్టపోవును. లేదా ఇరుసు కంటికి కానరానంత వంగును. యంత్రము చూచుటకు చక్కగనే యుండును, తిరుగుచునే యుండును. కాని ముల్లు గాడిలో దిగిన క్షణమునుండి సంగీతము వెనుక ఒక గుడగుడ ధ్వని వినిపించుచుండును. ఈ యొక్క అశ్రద్ధ వలన పాడైనన్ని టర్న్‌టేబుళ్లు మరి దేనివలనను పాడుకాలేదని నేను నమ్ముచున్నాను. పళ్లెమును తప్పక ఊడదీసి, వేరుగ చుట్టి, యంత్రము క్రిందనో ప్రత్యేకమైన పెట్టెలోనో ఉంచవలెను. ముల్లును మోయు టోనార్ము తోకనున్న ప్రతిభారమును తీయవలెను. ఆర్మును దాని విశ్రాంతిస్థానమున మెత్తని దారముతో కట్టవలెను. ఇక కార్ట్రిడ్జి: రెండు గ్రాముల లోపు ఒత్తిడితో గాడిని తాకునట్లు రూపొందింపబడిన ముల్లు అది, సన్నని అల్యూమినియమో బోరానో కడ్డీ కొనమీద నిలిచిన ఇసుకరేణువంత వజ్రము. దానిని విప్పి, తొడుగు పెట్టి, తన చిన్నపెట్టెలో వేరుగ పంపుట తప్ప మార్గాంతరము లేదు.

ఇంతకంటె విచిత్రమైన శత్రువు కంపము. 1961లో ఎడ్గార్ విల్చర్ తన ఎకూస్టిక్ రీసెర్చ్ సంస్థ పక్షమున ఒక టర్న్‌టేబులును ప్రవేశపెట్టెను. అందులో పళ్లెమును, ఆర్మును మోయు చట్రము మెత్తని స్ప్రింగుల మీద తేలియాడుచుండును. 1970 తరువాత స్కాట్లండున వచ్చిన లిన్ సాండెక్ ఎల్‌పీ 12 కూడ ఈ మార్గమునే అనుసరించినది. ఇట్టి స్ప్రింగుల సహజకంపము సెకనుకు సుమారు 3 నుండి 6 సార్లు. అంతకు మించిన వేగముగల కంపములను, అనగా నేలమీది అడుగుల చప్పుడును, స్పీకరు పంపు అదురును, ఆ స్ప్రింగులు లోనికి రానీయవు; అది వాటి గొప్పతనము. కాని తమ సహజకంపముతో సమానమైన కంపము వెలుపలినుండి వచ్చినచో వాటిని అవి అడ్డగింపవు సరికదా, అంతకంతకు పెంచును; భౌతికశాస్త్రమున దీనిని అనునాదమందురు. ఇప్పుడు లారీని చూడుడు. కమానుల మీద ఊగు లారీ శరీరపు సహజకంపము సెకనుకు 2 నుండి 5 సార్లు! ఇంటిలో శబ్దమునుండి కాపాడిన స్ప్రింగే దారిలో అపకారియగుచున్నది. గంటకు 50 కిలోమీటర్ల చొప్పున 1000 కిలోమీటర్లు పోవు లారీలో, సెకనుకు 4 సార్ల వంతున లెక్కించినచో, ఆ చట్రము 2 లక్షల 88 వేల పర్యాయములు ఊగును. స్ప్రింగులు కొక్కెములనుండి ఊడును. చట్రము పెట్టె గోడలను మోదును. సన్నని తీగలు తెగును. పూర్వపు తయారీదారులు అనేక యంత్రములకు అడుగున "ప్రయాణపు మరలు" అమర్చినది ఇందుకే. 1982లో సోనీ వారు ప్రారంభించిన సీడీ ప్లేయర్ల యుగమునందును తొలితరపు యంత్రములు పెక్కింటికి లేసరు భాగమును బిగించు మర యుండెను. ఆ మరను బిగించుట ఎంత ముఖ్యమో, గమ్యమున విద్యుత్తు నిచ్చుటకు ముందు విప్పుట అంత ముఖ్యము. మర లేనిచోట చట్రము క్రింద ఫోము ముక్కలను కూర్చి దానిని కదలకుండ చేయవలెను. అట్లు కూర్చినట్లు ఒక చీటీ వ్రాసి పైన పెట్టవలెను.

వాల్వు ఆంప్లిఫయరు సంగతి వేరు. ఎంసీ 275 బరువు సుమారు 30 కిలోలు. అందులో అధికభాగము రేకుపలకలతో కూర్చిన మూడు ట్రాన్స్‌ఫార్మర్లది. 6 కిలోల ట్రాన్స్‌ఫార్మరు 50 రెట్ల దెబ్బకు గురియైనచో, దానిని పట్టియున్న నాలుగు మరల మీదను, ఆ మరలు దిగిన పలుచని ఉక్కురేకు మీదను 300 కిలోల లాగు పడును. పెట్టె తలక్రిందులుగ పడినచో రేకు ఒకవైపునకు, ప్రక్కకు పడినచో మరియొకవైపునకు వంగును. కావున ఇట్టి యంత్రమునకు అడుగుననే గాక ట్రాన్స్‌ఫార్మర్ల తలల మీదను ఫోము దిమ్మెలను ఆనించి, బరువు రేకు మీద గాక దిమ్మెల మీద పడునట్లు చేయవలెను. వాల్వులను ఊడదీసి, ఏది ఏ స్థానమునదో అంకె వేసి, ఒక్కొక్కదానిని వేరుగ చుట్టి పంపవలెను. గాజు పగులుననుటకంటె, లోపలి సన్నని తీగెల జాలి స్థానభ్రంశము చెందుననుట ముఖ్యకారణము. చూచుటకు చక్కగనున్న వాల్వు బుఱ్ఱబుఱ్ఱమని మ్రోగుట అనుభవజ్ఞులకు సుపరిచితము.

స్పీకరు పెట్టెలను గూర్చి సంగ్రహముగ చెప్పుదును. రైస్, కెలాగ్ అను ఇద్దరు అమెరికన్లు 1925లో ప్రకటించిన నిర్మాణమే నేటికిని ఆధారము: ఒక అయస్కాంతపు ఇరుకుసందున తీగచుట్ట, దాని కంటుకొని కాగితపు శంకువు. ఆ సందులో చుట్టకు ఇరువైపుల మిగులు ఖాళీ మిల్లీమీటరులో కొద్దిభాగము. ఫెరైటు అయస్కాంతమును ఇనుప పలకకు జిగురుతో అంటింతురు. గట్టిదెబ్బకు ఆ జిగురు విడి అయస్కాంతము వెంట్రుకవాసి జరిగినను చుట్ట బిగిసిపోవును. స్పీకరు అందినవెంటనే శంకువును నాలుగువైపుల వ్రేళ్లతో సమముగ, మిక్కిలి మృదువుగ లోనికి ఒత్తి చూడవలెను. గీచినట్టి ధ్వని వినబడినచో అది మార్గమధ్యమున జరిగిన గాయము. ఈ అయస్కాంతములకే విమానమార్గమున మరియొక చిక్కు కలదు. 2.1 మీటర్ల దూరమున 0.002 గాస్ కంటె హెచ్చు క్షేత్రమును చూపు పెట్టెను అంతర్జాతీయ విమాన నిబంధనలు అయస్కాంత పదార్థముగ పరిగణించును; విమానపు దిక్సూచి దారితప్పునను భయమే కారణము. భూమి యొక్క అయస్కాంతక్షేత్రము అంతకు వందరెట్లకు పైబడినదే యైనను, దిక్సూచికి సమీపమున చేరిన పెట్టె ప్రభావము వేరు. పెద్ద స్పీకర్లను విమానమున పంపువారు ఈ విషయమును ముందుగనే విచారించుకొనవలెను.

ఇంత జాగ్రత్త తీసికొన్నను నష్టము కలుగవచ్చును. అప్పుడు ధర్మశాస్త్రము ఏమనుచున్నది? మనదేశమున 1865 నాటి రవాణాదారుల చట్టము, గాజు, పింగాణీ, పట్టు, సంగీత విజ్ఞాన పరికరములు మొదలైన కొన్ని వస్తువుల విషయమున, పంపువాడు విలువను స్పష్టముగ ప్రకటించిననే గాని 100 రూపాయలకు మించి రవాణాదారు బాధ్యుడు కాడని విధించెను. ఆ చట్టము 2007 నాటి రోడ్డు రవాణా చట్టముచే తొలగింపబడినను, దాని మూలసూత్రము లోకమున మారలేదు. అమెరికాలో యూపీఎస్, ఫెడెక్స్ సంస్థలు విలువ ప్రకటింపబడని పొట్లమునకు 100 డాలర్ల వరకే బాధ్యత వహించును. విమానమార్గమున దేశదేశములకు పోవు సరుకునకు 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక వర్తించును. 2024 డిసెంబరు 28 నుండి అందలి హద్దు కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి లెక్కప్రమాణము), అనగా సుమారు 35 అమెరికన్ డాలర్లు. ఈ లెక్క బరువును బట్టియే గాని విలువను బట్టి కాదు! లక్షల రూపాయల కార్ట్రిడ్జి ప్యాకింగుతో సహా ఒక కిలో యైనను కాకపోవచ్చును. కాన విలువను ప్రకటించి అదనపు రుసుము చెల్లించుటయో, వేరుగ బీమా చేయించుటయో తప్పనిసరి. ప్యాకింగు చాలలేదను కారణము చూపి పరిహారమును నిరాకరించుట వారికి సులభమైన మార్గము. కనుక కట్టుచున్నప్పుడే ప్రతి దశను ఫొటో తీసి యుంచుట మేలు.

అందుకొనువాని ధర్మములు తక్కువేమియు కావు. సంతకము చేయకముందే పెట్టె ఆరు ముఖములను చూచి, నలిగిన మూలయో చినిగిన అంచో కనబడినచో రసీదు మీదనే వ్రాయవలెను, ఫొటో తీయవలెను. వెలుపల ఏ గాయమును లేకున్నను లోపల యంత్రము విరిగియుండవచ్చును. ఫోము లోపము వలన కలిగిన హాని అట్ట మీద కానరాదు గదా. మాంట్రియల్ ఒడంబడిక ప్రకారము సరుకు నష్టమును గూర్చిన ఫిర్యాదు అందిన 14 దినములలోపల వ్రాతపూర్వకముగ చేరవలెను. ఆ లోపల పెట్టెను గాని, ఫోమును గాని పారవేయరాదు. తనిఖీకి వచ్చువారు ముందుగ అడుగునది వాటినే.

విప్పినవెంటనే స్విచ్చి వేయు తొందరను నిగ్రహించుకొనవలెను. 30 డిగ్రీల వేడియు, నూటికి 75 వంతుల తేమయు గల విజయవాడ గదిలో గాలి 25 డిగ్రీల దగ్గరనే మంచును కురియును. గోదాములోనో విమానగర్భములోనో అంతకంటె చల్లబడిన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు మీద నీటిబొట్లు ఏర్పడుట ప్రకృతిసహజము; ఆ ఇనుము వేడెక్కుటకు గంటలు పట్టును. ఒక పగలు, ఒక రాత్రి గదిలో ఉండనిచ్చిన పిమ్మటనే విద్యుత్తు నీయవలెను. అమెరికానుండి వచ్చినదైనచో మరియొక అపాయము: అక్కడిది 120 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తులు, ఇక్కడిది 230 వోల్టులు, 50 ఆవృత్తులు. వోల్టుల తేడాను మార్పిడి ట్రాన్స్‌ఫార్మరు సరిచేయును గాని, ఆవృత్తుల తేడాను సరిచేయలేదు. విద్యుత్తు ఆవృత్తి ననుసరించి తిరుగు మోటారు గల పాత టర్న్‌టేబులు ఇక్కడ నిమిషమునకు 33⅓ చుట్లకు బదులు 27.8 చుట్లే తిరుగును. గాయకుని శ్రుతి మూడు స్వరస్థానములు క్రిందికి దిగిపోవును. దారిలో ఏదో చెడినదని భ్రమించి యంత్రమును విప్పదీయుటకు పూర్వము ఈ సంగతిని తలచుకొనవలెను. మోటారు కప్పీని 50 ఆవృత్తులదానితో మార్చినచో పని చక్కబడును.

పాఠకులకు ఒక విన్నపము. మీ యింట విలువైన నాదయంత్రమేదైన నున్నచో, దాని మొదటి పెట్టెను, లోపల అచ్చుపోసి అమర్చిన థర్మోకోల్ దిమ్మెలను, ప్రయాణపు మరలను అటకమీద పొడిచోట భద్రపరచుడు, పాతసామానులవానికి ఇచ్చివేయకుడు. ఆ దిమ్మెలను రూపొందించినవారు ఆ యంత్రము బరువు ఎక్కడ నిలుచునో, ఎక్కడ ఒత్తరాదో ఎరిగినవారు. అవి లేనిచో ఖర్చునకు వెనుదీయక పెట్టెలో పెట్టెను కట్టుడు. అంతటి శ్రమకు వీలుకానప్పుడు యంత్రమును పార్సెలులో పంపక, వచ్చిపోవు బంధువుల కారులో, మీ కన్నుల యెదుట తీసికొని పోవుడు.